చెరకు ముచ్చె, జొన్న గింజ

జహీరాబాద్ చుట్టుపక్కల భూముల్లో రెండు తీర్ల విత్తనం పడుతుంది. బోరు నీళ్ళున్న చోట చెరకు, అల్లం, పసుపు, ఆలుగడ్డ వేస్తారు. వీటిలో దేనికీ గింజ వాడరు. చెరకుకు గడను నరికి కళ్ళున్న ముచ్చెలు పాతుతారు, అల్లానికీ పసుపుకూ కొమ్ములు పెడతారు, ఆలుగడ్డకు గడ్డలే విత్తనం. వాన మీద ఆధారపడ్డ ఎర్ర చెలకల్లో, నల్లరేగళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, శనగ పండుతాయి. వీటన్నిటికీ గింజ కావాలి. ఏ పంటకు ఏది విత్తనమో పల్లెలో చిన్నపిల్లలకూ తెలుసు కనుక ఈ తేడా దగ్గర ఎవరూ ఆగి ఆలోచించరు. కానీ దీని అడుగున జీవశాస్త్రంలోని ఒక పెద్ద సంగతి ఉంది. కణం తనలోని డీఎన్‌ఏకు నకలు తీసి విడిపోయే పద్ధతులు ఈ పంటలన్నిటిలో రెండున్నాయి. ఒకటి ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెడుతుంది. రెండోది ఉన్నవాటిని కలగలిపి కొత్తది పుట్టిస్తుంది. ముచ్చె పాతిన రైతు మొదటిదాన్నే నమ్ముకున్నాడు. గింజ విత్తిన రైతు రెండోదాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. మొదటి పద్ధతి ఎంత నమ్మకంగా పనిచేసినా, రెండోది ఎక్కడో ఒకచోట జరుగుతూ ఉంటేనే దానికీ మనుగడ అని నా వాదన. రెండో పని జరిగే చేలను పోగొట్టుకుంటే చెరకు వేసేవాళ్ళు కూడా నష్టపోతారు.

ముందు నకలు సంగతి చూద్దాం. ఎండిన జొన్న గింజలో కణాలు బతికే ఉంటాయి గాని దాదాపు ఏ పనీ చేయవు. తడి తగిలి నీరు పీల్చుకున్నాక, పెరగడానికి ముందు అవి మరమ్మతు పనిలో పడతాయి. నిల్వ ఉన్న కాలంలో వేడికీ ఆక్సిజన్‌కూ డీఎన్‌ఏ పోగులు అక్కడక్కడా తెగి, చెడి ఉంటాయి. ఎంజైములు ఆ చోట్లను వెతికి అతికిస్తాయి. ఆ పని ఒక కొలిక్కి వచ్చేదాకా కణం నకలు మొదలుపెట్టదు. మొలక వేరు పైపొరను చీల్చుకుని తొంగి చూడటం కూడా చాలావరకు పాత కణాలు నీటితో సాగడం వల్ల జరిగేదే. కొత్త కణాల పుట్టుక ఆ తర్వాతే వేరు కొనలో ఊపందుకుంటుంది. పాత విత్తనం ఆలస్యంగా, బలం లేకుండా మొలవడానికి ఒక కారణం ఈ మరమ్మతు భారం పెరగడమే.

జొన్న కణం కేంద్రకంలో 20 క్రోమోజోములుంటాయి, తల్లి వైపు నుంచి 10, తండ్రి వైపు నుంచి 10. వాటిలోని డీఎన్‌ఏ అంతటినీ సాగదీసి కొలిస్తే దాదాపు అర మీటరు ఉంటుంది. అది ఇమిడి ఉన్న కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ. 2009లో ప్రచురించిన జొన్న జన్యుపటం ప్రకారం ఒక్కో వైపు వారసత్వంలో సుమారు 73 కోట్ల అక్షరాల జతలున్నాయి. రెండు వైపులా కలిపితే 146 కోట్లు. అక్షరాలు మాత్రం నాలుగే: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడినిన్ ఎదురుగా థైమిన్, గ్వానిన్ ఎదురుగా సైటోసిన్ మాత్రమే చక్కగా అమరుతాయి. అందువల్ల రెండు పోగుల్లో ఒకటి చేతిలో ఉంటే రెండోది ఎలా ఉండాలో దానంతట అదే తేలిపోతుంది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రాల ఆధారంతో 1953లో వాట్సన్, క్రిక్ ఈ నిర్మాణాన్ని ప్రతిపాదించినప్పుడు, నకలు ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే కనిపించింది. రెండు పోగులు విడిపోతాయి, ఒక్కోదాని ఎదురుగా కొత్త పోగు పేరుకుంటుంది.

కనిపించినంత మాత్రాన రుజువైనట్టు కాదు. పాత రెండు పోగులూ ఒకచోటే ఉండి, కొత్తవి రెండూ వేరే జతగా ఏర్పడుతున్నాయని వాదించడానికి కూడా అప్పట్లో వీలుంది. 1958లో మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో దీన్ని తేల్చారు. బాక్టీరియాను బరువైన నత్రజని ఉన్న ఆహారం మీద తరాల తరబడి పెంచి, తర్వాత మామూలు నత్రజనిలోకి మార్చారు. ఒక తరం గడిచాక డీఎన్‌ఏను తీసి తూచినట్టుగా వేరుచేస్తే అంతా బరువుకూ తేలికకూ సరిగ్గా నడిమధ్యన నిలిచింది. రెండో తరంలో సగం నడిమి బరువు, సగం తేలిక. అంటే ప్రతి కొత్త జతలో ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. బాక్టీరియాలో తేలిన ఈ పద్ధతే మొక్కల్లోనూ మనిషిలోనూ నడుస్తోందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి.

ఆ పేరుకోవడం జరిగే తీరు ఇంకా ఆసక్తికరం. కొత్త పోగును కట్టే ఎంజైము పేరు పాలిమరేజ్. ఆర్థర్ కోర్న్‌బర్గ్ 1950లలో దీన్ని బాక్టీరియా నుంచి వేరుచేసి 1959లో నోబెల్ అందుకున్నారు. దీనికి ఒక పట్టుదల ఉంది: ఒకే దిశలో కడుతుంది, ఎదురు దిశలో కట్టదు. డీఎన్‌ఏ పోగులు రెండూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో ఉంటాయి. కాబట్టి ముడి విప్పుకుంటూ పోయే కొద్దీ ఒక పోగు మీద పని ఏకధాటిగా ముందుకు సాగుతుంది. రెండో పోగు మీద మాత్రం, నాట్లు వేసే ఆడవాళ్ళు కొంత ముందుకు వెళ్ళి అక్కడి నుంచి వెనక్కి జరుగుతూ ఇంతకుముందు నాటిన వరుసను వచ్చి కలుసుకున్నట్టు, ముక్కలు ముక్కలుగా జరుగుతుంది. జపాన్‌కు చెందిన ఒకజాకి దంపతులు 1960లలో కనిపెట్టిన ఈ ముక్కలను మరో ఎంజైము ఒకటిగా అతుకుతుంది. పాలిమరేజ్ మన వంటి జీవుల్లో సెకనుకు కొన్ని పదుల అక్షరాలు పేరుస్తుంది. 146 కోట్ల అక్షరాల జొన్న డీఎన్‌ఏను ఒకే చోట మొదలుపెట్టి ఈ వేగంతో చేస్తూ పోతే ఏడాది దాకా పడుతుంది. అందుకే కణం వేల చోట్ల ఒకేసారి పని మొదలుపెట్టి కొన్ని గంటల్లో ముగిస్తుంది. ఒక్కో చోట ఒక్కసారే నకలు జరగాలి, ఏ చోటూ తప్పిపోకూడదు, రెండుసార్లు కాకూడదు. ఈ లెక్కను కణం ఎప్పుడూ విడవదు.

తప్పుల సంగతి చూస్తే మరీ ఆశ్చర్యం. పాలిమరేజ్ ఒక్కటే ఉంటే లక్ష అక్షరాలకు సుమారు ఒకటి తప్పు పడుతుంది. ఒక జొన్న కణం విడిపోయే ముందు కొత్తగా పేర్చాల్సినవి 292 కోట్ల అక్షరాలు. ఆ లెక్కన ప్రతి విభజనకూ 29 వేల తప్పులు రావాలి. కానీ ఈ ఎంజైము తప్పు అక్షరం పెట్టిన వెంటనే వెనక్కి జరిగి దాన్ని తీసేస్తుంది. దాన్నీ దాటుకుని మిగిలిపోయిన తప్పులను మరో దళం వెనక నుంచి వచ్చి, కొత్త పోగు ఏదో గుర్తుపట్టి, ఆ ముక్కను కత్తిరించి మళ్ళీ రాస్తుంది. డీఎన్‌ఏ మరమ్మతు విధానాలను విప్పి చెప్పినందుకు లిండాల్, మోడ్రిచ్, సాంజార్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. ఇవన్నీ అయ్యాక మిగిలే తప్పు సుమారు వంద కోట్లకు ఒకటి. అంటే 29 వేలు పడాల్సిన చోట రెండో మూడో. మనిషి చేతి రాతలో గాని, అచ్చులో గాని ఇంత నమ్మకమైన నకలు ఇంతవరకు రాలేదు.

ఈ పనికి ముడిసరుకు కూడా కావాలి. థైమిన్ అక్షరం తయారీకి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇక్కడే వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించారు. చూడటానికి దానిలాగే ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా తయారుచేయించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో దాన్ని రక్తకేన్సర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో ఉంది. సరుకు ఆగితే నకలు ఆగుతుంది, నకలు ఆగితే విభజన ఆగుతుంది అన్న సూత్రం ప్రాణాలు నిలిపే వైద్యంగా మారిన మొదటి సందర్భాల్లో ఇదొకటి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కణవిభజన పాఠం పక్కనే ఆయన పేరు ఉండాలని నా అభిప్రాయం.

నకలు పూర్తయ్యాక ప్రతి క్రోమోజోమూ జంట పోగులుగా, నడుమున ఒకచోట ముడిపడి ఉంటుంది. ఇప్పుడు అవి చుట్టలు చుట్టుకుని పొట్టిగా, లావుగా మారతాయి, రంగు అద్దితే సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. కేంద్రకం పొర కరిగిపోతుంది. కణం రెండు కొసల వైపు నుంచి సన్నని నాళికలు వచ్చి ప్రతి జంట నడుముకు రెండు పక్కలా తగులుకుంటాయి. అన్ని జంటలూ నడిమిట్లో వరుసగా నిలిచి, ప్రతి జంటకూ రెండు వైపుల నుంచీ లాగుడు సమంగా తగిలిందని తేలేదాకా కణం ముందుకు పోదు. ఒక్క క్రోమోజోము కుదురుకోకున్నా మిగతావన్నీ ఆగుతాయి. అన్నీ సరిపోయాక జంటలను కట్టి ఉంచిన ప్రొటీన్ వలయం తెగుతుంది. పోగులు చెరో కొసకు వెళతాయి. మొక్కల్లో మధ్యన కొత్త గోడ లేస్తుంది. 20 క్రోమోజోముల కణం నుంచి అవే 20 ఉన్న రెండు కణాలు వస్తాయి. దీన్నే సమవిభజన అంటారు. 1880లలో వాల్టర్ ఫ్లెమింగ్ సలమాండర్ పిల్లల కణాల్లో చూసి బొమ్మలు గీసిన నాటి నుంచి దీని వర్ణన పెద్దగా మారలేదు, వెనకున్న యంత్రాంగం మాత్రం ఇప్పుడు తెలిసింది.

చెరకు ముచ్చె మీది కన్నులో జరిగేది ఇదే. కన్ను అంటే పొలుసుల చాటున నిద్రపోతున్న చిన్న మొగ్గ. దాని కొసన విభజనకు సిద్ధంగా ఉన్న కొద్దిపాటి కణాలుంటాయి. గడ తల నరికితే పై మొగ్గ పెత్తనం పోతుంది. ముచ్చెను తడి మట్టిలో పెడితే కణుపు చుట్టూ చుక్కల్లా కనిపించే వేరు మొలకలు ముందు లేస్తాయి, కన్ను ఉబ్బి పిలక అవుతుంది. ఆ పిలకలోని ప్రతి కణంలోనూ తల్లి గడలోని డీఎన్‌ఏయే ఉంటుంది. ఎకరమంతా నాటినా, నరికాక కార్శి తోటగా మళ్ళీ చిగిర్చినా, ఆ ముచ్చెలు పక్క ఊరికి పోయినా అంతా ఒక్క మొక్కే. ఈ నమ్మకం వల్లే రైతు నాటిన రోజునే రకం తీపి, కోతకు వచ్చే కాలం, దిగుబడి ముందే అంచనా వేయగలుగుతాడు. చక్కెర మిల్లుకు కావలసింది కూడా ఈ ఒకే తీరే. సమవిభజన ఇచ్చే ఈ వరాన్ని తక్కువ చేయనక్కరలేదు.

ఆ వరమే మరో పక్క నుంచి ప్రమాదం. అంతా ఒక్క మొక్కే అయినప్పుడు దాని కవచంలో ఉన్న ఒక్క కంత వేల ఎకరాల్లో ఒకేచోట ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో కో 0238 అనే చెరకు రకం ఇందుకు తాజా సాక్ష్యం. 2009లో విడుదలైన ఈ రకం దిగుబడిలో, చక్కెర శాతంలో మిగతావాటిని వెనక్కి నెట్టి, పదేళ్ళు తిరిగేసరికి ఆ రాష్ట్ర చెరకు విస్తీర్ణంలో 80 శాతం దాటింది. దాన్ని పడగొట్టగల ఎర్రకుళ్ళు శిలీంధ్రం రూపం ఒకటి తలెత్తాక జిల్లాలకు జిల్లాలు దెబ్బతిన్నాయి. ప్రభుత్వమే రైతులను ఆ రకం మానుకొమ్మని కోరాల్సి వచ్చింది. 1845 తర్వాత ఐర్లాండ్‌లో ఆలుగడ్డ కథ ఇంకా ఘోరం. పేదలు దాదాపుగా లంపర్ అనే ఒకే రకం గడ్డల మీద బతికేవారు. ఆకుమాడు తెగులు వచ్చి కొన్నేళ్ళు పంట కుళ్ళితే సుమారు 10 లక్షల మంది ఆకలికీ రోగాలకూ బలయ్యారు. ఆంగ్లేయ పాలకుల నిర్లక్ష్యం ఆ చావులను పెంచిన మాట నిజం. కానీ తెగులుకు అంత సులువుగా దారి దొరకడానికి కారణం దేశమంతటా ఒకే డీఎన్‌ఏ పరుచుకుని ఉండటమే. ఇక ముచ్చెతో, గడ్డతో పాటు లోపలి వైరస్‌లు, శిలీంధ్రాలు కూడా తరం నుంచి తరానికి చేరతాయి. అందుకే చెరకు ముచ్చెలను 52 డిగ్రీల వేడి నీటిలో 30 నిమిషాలు శుద్ధి చేయమని, కొన్నేళ్ళకోసారి విత్తనపు తోటను మార్చమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

ఇప్పుడు రెండో విభజన. జొన్న కంకి పొట్ట దశలో ఉన్నప్పుడు, బయటికి ఏమీ కనిపించకుండానే, పూలలోని కొన్ని కణాలు వేరే దారి పడతాయి. నకలు ఒకసారే తీస్తాయి, విభజన మాత్రం రెండుసార్లు జరుపుతాయి. కాబట్టి 20 క్రోమోజోముల కణం నుంచి 10 చొప్పున ఉన్న నాలుగు కణాలు వస్తాయి. క్షయకరణ విభజన అని పాఠాల్లో చెప్పేది ఇదే. దీని అసలు పని సంఖ్యను సగం చేయడంతో ఆగిపోదు. మొదటి విభజనకు ముందు తల్లి వైపు క్రోమోజోము, తండ్రి వైపు క్రోమోజోము పక్కపక్కన అతుక్కుని, అక్కడక్కడా తెగి ముక్కలు మార్చుకుంటాయి. అలా నిజంగా ముక్కలు మారుతున్నాయని 1931లో హారియెట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో రుజువు చేశారు. ఆ తర్వాత ఏ జతలో ఏది ఎటు పోతుందన్నది ప్రతి జతకూ విడిగా తేలుతుంది. 10 జతలకు 1,024 అమరికలు. పుప్పొడి వైపు 1,024, అండం వైపు 1,024 కలిస్తే 10 లక్షలు దాటిపోతాయి. ముక్కలు మారడం వల్ల వచ్చేవి ఈ లెక్కలో ఇంకా కలపలేదు. ఒకే కంకిలో పక్కపక్క గింజలు అన్నదమ్ములైనా ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి వీలు ఇక్కడి నుంచే వచ్చింది.

చెరకు కూడా ఈ రెండో విభజనకు రుణపడి ఉందన్న విషయం చాలామందికి తెలియదు. లావుగా, తీయగా ఉండే పాత చెరకు జాతులు తెగుళ్ళకు తట్టుకోలేకపోయేవి. 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ఆ తీపి చెరకును చెరువు గట్ల మీద, వాగు ఒడ్డున మొలిచే రెల్లు గడ్డితో సంకరం చేశారు. అక్కడి వాతావరణంలో చెరకు పూత పూస్తుంది. పూత పూసి గింజ కడితేనే క్రోమోజోములు కలిసే అవకాశం. అలా 1918లో కో 205 వచ్చింది, తర్వాత కో రకాలు దేశమంతా పాకాయి. ఇవాళ చేలల్లో ఉన్న చెరకు క్రోమోజోముల్లో పది నుంచి ఇరవై శాతం దాకా ఆ రెల్లు నుంచి వచ్చినవే. వాటి మొండితనానికి మూలం అదే. అంటే ముచ్చె కాపాడుతున్న సంపద మొదట గింజలో పుట్టింది. అల్లానికి ఆ అదృష్టం లేదు. 22 క్రోమోజోముల ఈ మొక్క పూసినా గింజ దాదాపుగా కట్టదు. దుంపకుళ్ళు తెగులును తట్టుకునే అల్లం కోసం శాస్త్రవేత్తలు ఇంత కష్టపడుతున్నా ఫలితం అందకపోవడానికి ప్రధాన కారణం ఇదే: ఒక మొక్కలోని మంచిని మరో మొక్కలోని మంచితో కలిపే మార్గం మూసుకుపోయింది.

నా వాదనకు ఎదురుగా బలమైన ప్రశ్నలున్నాయి. సమవిభజనలోనూ రెండు మూడు తప్పులు పడుతూనే ఉంటాయి కదా, ఎకరం చెరకులో లెక్కలేనన్ని కణాలున్నప్పుడు కొత్తదనం దానంతట అదే రాదా అని అడగవచ్చు. వస్తుంది. కొమ్మల్లో, కన్నుల్లో వచ్చిన మార్పుల నుంచి ఎంచుకున్న రకాలు అరటిలో, నారింజలో ఉన్నాయి. కానీ తెగులును తట్టుకునే మార్పు ఒక గడలో వచ్చి, ఎండను తట్టుకునే మార్పు మరో గడలో వస్తే ముచ్చెల దారిలో ఆ రెండూ ఎప్పటికీ కలవలేవు. ఒకే వంశంలో ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిందే. పైగా పడే తప్పుల్లో చెడ్డవే ఎక్కువ, వాటిని వదిలించుకునే దారి కూడా లేదు. అమెరికా జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ 1930లలో, 1960లలో చేసిన ఈ వాదనలను ఇప్పటికీ ఎవరూ కొట్టిపారేయలేదు. అల్లం వేల ఏళ్ళుగా బతికే ఉందన్న మాట నిజమే. అది బతికింది మనుషుల చలవతో: చేను మార్చి, గడ్డ ఏరి, మందులో ముంచి నిలబెట్టుకుంటున్నారు.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. జొన్న తన పుప్పొడితో తానే ఫలించే మొక్క. అలాంటి మొక్కలో తల్లి వైపు, తండ్రి వైపు క్రోమోజోములు కొన్ని తరాలకు ఒకేలా అయిపోతాయి. అప్పుడు ఎంత కలిపినా ఉన్నదే వస్తుంది, నా 10 లక్షల లెక్క కాగితం మీదే మిగులుతుంది. ఇది న్యాయమైన అభ్యంతరం. కానీ జొన్నలో పక్క మొక్క పుప్పొడి పడటం కూడా ఉంది, రకాన్ని బట్టి మారినా సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా. చేనంతా ఒకే రకమైతే ఆ పుప్పొడి వల్ల ఒరిగేదేమీ లేదు. పచ్చజొన్న పక్కన తెల్లజొన్న, ఒక కుటుంబం దాచిన విత్తనం పక్కన మరో కుటుంబం విత్తనం ఉంటే ఆ కొద్ది శాతమే ఏటేటా కొత్త అమరికలు తెస్తుంది. కంది మీద తేనెటీగలు వాలి పుప్పొడి మోస్తాయి, సజ్జలోనైతే పరపరాగ సంపర్కమే ప్రధానం. కాబట్టి గింజ ఉన్నంత మాత్రాన కొత్తదనం రాదు. వైవిధ్యం ఉన్న చేలో గింజ పండాలి.

జహీరాబాద్‌కు ఈ విషయంలో దేశంలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా, ఎక్కువగా దళిత మహిళలు ఉన్న సంఘాల ద్వారా పాత పంటల విత్తనాలను మళ్ళీ చేలకు తెచ్చింది. ఒకే చెలకలో పది పన్నెండు పంటలు కలిపి వేస్తారు. కోతకు ముందే చేలోకి వెళ్ళి, నిలబడి ఉన్న పంటలోంచి బలమైన కంకులను ఏరి విడిగా పెడతారు. ఆ గింజలను ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి వెదురు బుట్టలో పోసి, పైన మట్టి, పేడ మెత్తి మూస్తారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఇదంతా సంప్రదాయం మీద ప్రేమతో చేసే పని అని తేల్చేవాళ్ళున్నారు. ప్రేమ ఉంది, దాంతో పాటు జన్యుశాస్త్రమూ ఉంది. క్షయకరణ విభజన ఎన్నో అమరికలను ముందు పెడుతుంది. ఆ ఏడు వాన, ఆ ఎర్రమట్టి కొన్నిటిని తీసేస్తాయి. కంకి ఏరే చేయి మిగిలినవాటిలోంచి ఎంచుతుంది. బూడిద, ఎండు బుట్ట ఆ డీఎన్‌ఏను చెడకుండా మరుసటి తడి దాకా కాస్తాయి.

అలాంటప్పుడు జహీరాబాద్ మీదుగా వెళ్ళే ముంబయి రహదారి మీదే పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ జన్యునిధి ఉండగా రైతులెందుకు శ్రమపడాలి అనవచ్చు. 1972లో ఏర్పడిన ఆ సంస్థ దగ్గర 40,000కు పైగా జొన్న నమూనాలున్నాయి. ఆ నిధి విలువ మాటల్లో చెప్పలేనిది, అది ఉండి తీరాలి. కానీ చల్లని గదిలో గింజ నిద్రలో ఉంటుంది. కణం చీలదు, క్రోమోజోములు కలవవు. ఏ ఏడు దాచారో ఆ ఏటి జొన్నే అక్కడ ఉంటుంది. వాతావరణం, పురుగు, శిలీంధ్రం మాత్రం ఆగవు. చేలో పండే విత్తనం వాటితో పాటు ఏటేటా మారుతుంది. నిధి పోయినదాన్ని తిరిగి ఇవ్వగలదు. కొత్తగా కావలసింది పుట్టేది చేలోనే, లేదా చేలాంటి పరిశోధన క్షేత్రంలో. పరిశోధన క్షేత్రాలు కొద్ది చోట్లే ఉంటాయి, చేలు వేలల్లో ఉంటాయి.

చివరి ప్రశ్న డబ్బుది. చెరకు, అల్లం మీద వచ్చే ఆదాయం జొన్న మీద రాదు. పిల్లల చదువులు, అప్పులు ఉన్న రైతును జొన్నకు మళ్ళమని చెప్పడం తేలిక, చేయడం కష్టం. నేను ఆ మాట అనడం లేదు. చెరకు వేసేవారు చెరకే వేయాలి. అయితే ఒకే రకం కాకుండా రెండు మూడు రకాలు చేలో ఉంచాలి. ఆరోగ్యమైన విత్తనపు తోట నుంచే ముచ్చెలు తేవాలి. ఎకరాల్లో కొన్ని గుంటలైనా జొన్న, కంది, సజ్జలకు వదిలి, కోతకు ముందు కంకులు ఏరి సొంత విత్తనం కట్టుకోవాలి. ప్రభుత్వం వైపు నుంచి జరగాల్సింది కూడా ఉంది. చెరకు రైతుకు పరిశోధన కేంద్రం ఎంత అవసరమో, పాత జొన్న విత్తనం కట్టే మహిళకు గిట్టుబాటు ధర అంతే అవసరం, ఎందుకంటే ఆమె చేలో జరిగే పనికి ఇప్పుడు ఎవరూ ఖరీదు కట్టడం లేదు. రైతు తన చేలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ఈ హక్కును రాసిచ్చింది. ఈ వానకాలమే దాన్ని వాడుకోండి.